అంతర్జాలమున వెదకు విధము



ఈ సంవత్సరము అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన పిమ్మట తొమ్మిదవ తరగతివారిని గోదావరి ఆనకట్టను గూర్చియు, దానిని కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ దొరను గూర్చియు ఒక వ్యాసము వ్రాసి తెండని కోరితిని. పాఠ్యపుస్తకములో లేని సంగతులు గూడ సేకరింపవలెననియు, అందులకు ఇంటనున్న ఫోనును గాని పాఠశాలలోని కంప్యూటరును గాని వాడుకొనవచ్చుననియు చెప్పితిని. వారము దినములకు వ్యాసములు చేతికి వచ్చినవి. చదువగా చదువగా నాకొక వింత కానవచ్చెను. పెక్కు వ్యాసములలో వాక్యములు ఒక్కటే; తప్పులును ఒక్కటే. "నేడు మనము ధవళేశ్వరమున చూచుచున్న బ్యారేజిని కాటన్ దొర కట్టించెను" అని సగము తరగతి వ్రాసినది.

ఇది నిజము కాదు. కాటన్ దొర కట్టించినది 1847వ సంవత్సరమున మొదలై 1852లో ముగిసిన పాత ఆనకట్ట. ఆయన 1899లోనే కాలధర్మము నొందెను. ఇప్పటి బ్యారేజి ఆ పాత ఆనకట్టకు బదులుగా కట్టబడి 1982లో పూర్తియైనది. దానికి ఆయన పేరు గౌరవార్థము పెట్టిరి. పేరు చూచి, కట్టించినవాడును ఆయనయే యని పిల్లలు తలచిరి.

ఈ మాట యెచ్చటిదని తరగతిలో నడిగితిని. "మొదట వచ్చినదే వ్రాసితిమి, మాస్టారూ" అని పలువురు జవాబు చెప్పిరి. వెనుక బల్లమీది కుఱ్ఱవాడొకడు లేచి, "నేను ఇంగ్లీషులో కాటన్ అని కొట్టితిని, మాస్టారూ. అన్నియు చీరల దుకాణములే వచ్చినవి. అందుచేత వ్యాసము వ్రాయలేదు" అనెను. తరగతి యంతయు నవ్వినది. నేనును నవ్వితిని గాని, ఇంటికి పోయి ఆలోచింపగా తప్పు పిల్లలది కాదని తోచినది. నిఘంటువు చూచు విధము మనము నేర్పుచున్నాము. పటము చూచు విధము నేర్పుచున్నాము. పిల్లలు దినమున పదిమాఱులు వాడు శోధనయంత్రమును వాడు విధము మాత్రము ఎవ్వరును నేర్పుట లేదు. ఆ లోపమును కొంతవఱకైన తీర్చుటకే ఈ పాఠము వ్రాయుచున్నాను. తలిదండ్రులును దీనిని చదువవలెనని కోరుచున్నాను. కారణము ముందు తెలియగలదు.

శోధనయంత్ర మనగా నేమి?

సెర్చి ఇంజను అని వాడుకలో పిలువబడు శోధనయంత్రము సర్వజ్ఞుడైన పండితుడు కాదు. అది యొక సూచిక. లావుపాటి పుస్తకము చివర, ఏ మాట ఏ పుటలో గలదో అకారాదిగా తెలుపు పట్టిక యుండును గదా! అట్టి పట్టికయే ప్రపంచమందలి వెబ్ పుటలన్నిటికిని కట్టినచో ఎట్లుండునో, శోధనయంత్ర మట్లుండును.

దీని పుట్టుక సామాన్యమైనది. 1990లో కెనడా దేశమందలి మాంట్రియల్ నగరమున, మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో అలన్ ఎంటేజ్ అను యువకుడు ఆర్చీ అను సాధనమును చేసెను. అది ఫైళ్ల పేర్లను మాత్రమే వెదకెడిది. వాని లోపలి మాటల నెఱుగదు. పిమ్మట వెబ్ వ్యాపించినది. 1995లో వచ్చిన ఆల్టావిస్టా పుటలలోని మాటలన్నిటిని సూచికలో చేర్చి పేరొందినది. అది 2013లో మూతబడినది. 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనువారు గూగుల్ సంస్థను స్థాపించిరి. బింగ్ 2009లో వచ్చినది.

ఈ యంత్రము చేయు పనులు మూడు. మొదటిది, లింకు వెంబడి లింకు పట్టుకొని పుటనుండి పుటకు తిరుగుచు, కనబడినదానిని చదివి తెచ్చుట. రెండవది, తెచ్చిన పుటలలోని మాటలను సూచికలో నెక్కించుట. గూగుల్ సంస్థ తన సూచికలో పదివేల కోట్లకు మించిన పుటలున్నవని చెప్పుచున్నది. మూడవది, మనము కొన్ని మాటలు వ్రాయగానే, ఆ మాటలకు తగిన పుటలను ఏఱి, వరుస యేర్పఱచి చూపుట. ఒక పుటను వేఱు పుటలు ఎన్ని పేర్కొనుచున్నవి, అట్లు పేర్కొనునవి ఎంతటివి అను లెక్క ఈ వరుసకు మొదటినుండియు నాధారము. నేడు దానికి తోడు మఱి యెన్నియో లెక్కలు చేరినవి. మనమున్న ఊరు, మనము ఫోనులో నెంచుకొన్న భాష, ఇవియు వరుసను మార్చును.

ఇందుండి రెండు సంగతులు తేలుచున్నవి. ఒకటి: యంత్రము మనము వ్రాసిన మాటలను పట్టియే వెదకును. ఇటీవల అది మాటల వెనుక భావమును గూడ కొంత ఊహింపగలుగుచున్నది. కాని మన మనసులోని ప్రశ్న దానికి తెలియదు. రెండు: వరుసలో మొదట నుండుట వేఱు, సత్యమగుట వేఱు. మొదటి దానివలన మాటలను ఎంచుకొను నేర్పు అవసరమగుచున్నది. రెండవ దానివలన వచ్చినదానిని పరీక్షించు నేర్పు అవసరమగుచున్నది. పాఠమంతయు ఈ రెండింటిలో నిమిడియున్నది.

మాటలను ఎంచుకొనుట

మనము వెదకవలసినది మన ప్రశ్నను గాదు. జవాబు వ్రాసినవాని మాటను. ఇది ముఖ్యసూత్రము. కుఱ్ఱవాడు కాటన్ అని వ్రాసినపుడు అతని మనసులో దొర యున్నాడు. కాని ఆ మాటతో పుటలు వ్రాసినవారిలో దొరను తలచినవారికంటె నూలుబట్టలు అమ్మువారే యెక్కువ. యంత్రము తప్పు చేయలేదు. "ఆర్థర్ కాటన్ ఆనకట్ట" అని మూడు మాటలు వ్రాసియుండినచో చీరలు మాయమై దొర ప్రత్యక్షమై యుండును.

కావున వెదకుటకు ముందు ఒక్క నిమిషమాగి, "ఈ సంగతిని తెలిసినవాడు వ్రాసినచో ఏ మాటలు వాడును?" అని ప్రశ్నించుకొనుడు. ఆనకట్టను మనము ఇంగ్లీషులో డ్యామ్ అనుకొందుము. కాని ఇంజనీర్లు ఈ కట్టడమును డ్యామ్ అనలేదు. మన దేశపు మాటనే తీసికొని అనికట్ అని వ్రాసిరి. డ్యామ్ అని వెదకినవారికి ఇతర జలాశయములు వచ్చును. అనికట్ అని వెదకినవారికి గోదావరియు, కృష్ణయు, కావేరియు వచ్చును.

కాలమునుబట్టి మాటల రూపములును మాఱును. 1878లో హెన్రీ మోరిస్ ప్రచురించిన గోదావరి జిల్లా చరిత్రలో నది పేరు చివర నేటివలె వి-ఎ-ఆర్-ఐ అని గాక, వి-ఇ-ఆర్-వై అని యుండును. ధవళేశ్వరమును ఇంగ్లీషులో రెండు మూడు విధములుగ వ్రాసిరి. మచిలీపట్టణమునకు బందరు అనియు, మసూలిపటం అనియు పేర్లు గలవు. విజయవాడ ఒకప్పుడు బెజవాడ. రాజమండ్రి యను వాడుక పేరు గల నగరమునకు 2015లో రాజమహేంద్రవరమను పేరు అధికారముగ వచ్చినది. పాత సంగతికి పాత పేరుతో, క్రొత్త సంగతికి క్రొత్త పేరుతో వెదకవలెను.

మూడు నాలుగు నామవాచకములతో మొదలు పెట్టుడు. వేలకొలది పుటలు వచ్చి దారి తోపకున్నచో ఒక మాట చేర్చుడు. ఏమియు రాకున్నచో ఒక మాట తీసివేయుడు. మొదటిమాఱు వెదకినపుడే సర్వము దొరకవలెనని లేదు. మొదట వచ్చిన పుటలు నాలుగు చదివి, వానిలో క్రొత్త మాటలు దొరకునేమో చూడుడు. గోదావరి ఆనకట్ట ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగ నుండెడిదని ఒక పుటలో చదివినచో, ఆ నాలుగు పేర్లు మీకు నాలుగు తాళపు చెవులు. వానితో మరల వెదకినపుడు వచ్చు పుటలు మొదటివానికంటె లోతైనవి.

ఇంకొక హెచ్చరిక. ప్రశ్నలోనే జవాబును పెట్టకుడు. "కాటన్ బ్యారేజిని కాటన్ కట్టించెను" అని వ్రాసి వెదకినచో, అట్లే వ్రాసిన పుటలు ముందుకు వచ్చును. మీ తప్పు మీకే నిజమని తోచును. "ధవళేశ్వరము బ్యారేజి నిర్మాణము సంవత్సరము" అని వెదకినవానికి నిజము తెలియు నవకాశ మెక్కువ.

కొన్ని గుర్తులు

మాటలతోపాటు కొన్ని గుర్తులను వాడినచో యంత్రము మన యాజ్ఞను ఇంకను స్పష్టముగ గ్రహించును. ఈ క్రిందివి గూగుల్ నందును బింగ్ నందును పనిచేయును.

1. ఉద్ధరణ చిహ్నములు. మాటలకు ముందు వెనుకల జంట కొమ్ములు పెట్టినచో, ఆ మాటలు అదే రూపమున, అదే వరుసలో నున్న పుటలనే వెదకుమని యర్థము. మనుష్యుల పూర్తి పేర్లకును, పుస్తకముల పేర్లకును, సగము జ్ఞాపకమున్న వాక్యములకును ఇది మిక్కిలి యుపయోగము.

2. తీసివేత గుర్తు. అక్కఱలేని మాటకు ముందు, ఎడము లేకుండ, చిన్న అడ్డగీత పెట్టవలెను. "కాటన్ -చీరలు" అని వ్రాసినచో చీరల మాటయున్న పుటలు తొలగును. అయినను, తీసివేయుటకంటె సరియైన మాటను చేర్చుట మేలు. చీరలను తీసివేసినచో తువాళ్లు వచ్చును. ఆనకట్టను చేర్చినచో రెండును పోవును.

3. లేదా యను గుర్తు. రెండు మాటలలో ఏదియున్నను చాలుననుకొన్నపుడు, వాని నడుమ ఓ, ఆర్ అను ఇంగ్లీషు అక్షరములను పెద్దబడిలో వ్రాయవలెను. రెండు పేర్లున్న ఊళ్లకు ఇది బాగుగ పనికివచ్చును.

4. స్థలనియమము. ఎస్-ఐ-టి-ఇ అను నాలుగు చిన్న అక్షరములు వ్రాసి, వెంటనే కోలన్ అను రెండు చుక్కలు పెట్టి, ఎడము లేకుండ వెబ్‌సైటు పేరు వ్రాసినచో, ఆ యొక్క స్థలమునందే వెదకును. పేరు మొత్తము వ్రాయనక్కఱలేదు. చివరి భాగమైనను చాలును. జి-ఓ-వి, చుక్క, ఐ-ఎన్ అని వ్రాసినచో భారతదేశపు ప్రభుత్వ స్థలములలో మాత్రమే వెదకును. విద్యార్థి వేతనములు, పరీక్షా ఫలితములు, ధ్రువపత్రముల దరఖాస్తులు మొదలగు వానిని ఇట్లు వెదకుట క్షేమము. ఎ-సి, చుక్క, ఐ-ఎన్ అనునది విద్యాసంస్థల గుర్తు.

5. ఫైలు రకము. ఎఫ్-ఐ-ఎల్-ఇ-టి-వై-పి-ఇ అని కలిపి వ్రాసి, రెండు చుక్కలు పెట్టి, పి-డి-ఎఫ్ అని చేర్చినచో పిడిఎఫ్ రూపమున నున్నవే వచ్చును. ప్రభుత్వ నివేదికలు, పాత ప్రశ్నపత్రములు, పాఠ్యపుస్తకములు తఱచుగ నీ రూపముననే యుండును.

పుట తెఱచిన పిమ్మట గూడ వెదకుట గలదు. వంద పుటల నివేదికలో మీకు గావలసినది ఒక్క వాక్యమే కావచ్చును. కంప్యూటరులో కంట్రోల్ మీటను నొక్కిపట్టి ఎఫ్ మీటను నొక్కినచో ఒక చిన్న గడి వచ్చును. అందు మాట వ్రాయగానే అది యున్న చోట్లన్నియు వెలుగును. ఫోనులో బ్రౌజరు పట్టికయందు "పుటలో వెదకు" అను వరుస యుండును. ఈ యొక్క సంగతి తెలియక, పొడవైన పుటను చూచి భయపడి మూసివేయువారు పెక్కుమంది గలరు.

తెలుగులో వెదకునపుడు

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కులు కొన్ని గలవు. మన భాషలో విభక్తులు మాటకు అంటుకొనియుండును. ధవళేశ్వరములో, ధవళేశ్వరమునకు, ధవళేశ్వరమునుండి అనునవి మనకు ఒకే ఊరు. యంత్రమునకు మూడు మాటలు కావచ్చును. కాబట్టి ప్రత్యయములు లేని మూలరూపమును వ్రాయుట మంచిది. సంధి చేసి రెండు మాటలను కలిపివేయకుడు, విడివిడిగ వ్రాయుడు.

పాత పుస్తకములలో ధవళేశ్వరము, నేటి పత్రికలలో ధవళేశ్వరం. పాతవారు చెఱువు అని బండి ఱ వ్రాసిరి. నేటివారు చెరువు అని వ్రాయుదురు. అరసున్నలు ఒకప్పుడుండెను, ఇప్పుడు లేవు. కావున పాత గ్రంథములను వెదకునపుడు రెండు రూపములను వేఱువేఱుగ ప్రయత్నింపవలెను. ప్రజలు పెట్టుకొన్న పేర్లను మఱువకుడు. చరిత్ర పుస్తకములలో గుంటూరు కరువు అని యుండు 1832-33 నాటి ఘోరక్షామమును మన పెద్దలు డొక్కల కరువు అనిరి. ఒక్కొక్క పేరుతో ఒక్కొక్క విధమైన పుటలు వచ్చును. తెలుగులో దొరకనిది ఇంగ్లీషులోను, ఇంగ్లీషులో దొరకనిది తెలుగులోను దొరకును. రెండింటను వెదకుట మనకు గల లాభము.

తెలుగు పుస్తకములు కోకొల్లలుగ అంతర్జాలమున నున్నను, వానిలో పెక్కు ఛాయాచిత్రములుగ నున్నవి. పుట బొమ్మ మనకు కనబడును. అందలి అక్షరములు యంత్రమునకు కనబడవు. అట్టి పుస్తకములను లోపలి మాటలతో వెదకిన ఫలము లేదు. గ్రంథము పేరుతోను, కర్త పేరుతోను వెదకవలెను. 1996లో స్థాపింపబడిన ఇంటర్నెట్ ఆర్కైవ్ నందు ఇట్టివి వేలకొలది గలవు. మాటల అర్థములకు బ్రౌన్ దొర నిఘంటువును షికాగో విశ్వవిద్యాలయమువారు అంతర్జాలమున నుంచిరి. 2003 నుండి తెలుగు వికీపీడియా గలదు. అందలి వ్యాసములను ఎవ్వరైనను దిద్దవచ్చును గనుక, దానిని వెదకుటకు మొదటి మెట్టుగ నెంచి, వ్యాసము క్రింద నిచ్చిన ఆధారములను గూడ చూడవలెను.

వచ్చినదానిని పరీక్షించుట

ఇప్పుడు నా అవివేకమును గూర్చి చెప్పుకొనవలెను. రెండు సంవత్సరముల క్రిందట ఒక సాయంకాలము నా బ్యాంకు కార్డు పనిచేయుట మానినది. మఱునాడు ఇంటిలో శుభకార్యమునకు పైకము కావలసియుండెను. తొందరలో ఫోను తీసి, బ్యాంకు పేరు వ్రాసి, సహాయ కేంద్రపు నంబరు అని వెదకితిని. పైన కనబడిన నంబరునకు ఫోను చేసితిని. అవతలివాడు మిక్కిలి మర్యాదగ మాటలాడెను. తాను చెప్పిన యాప్‌ను ఫోనులో నెక్కించుమనెను, ఎక్కించితిని. ఆ యాప్ నా తెఱను వానికి చూపునదని నాకు తెలియదు. పది నిమిషములలో, నెల జీతమునకు మించిన పైకము నా ఖాతానుండి పోయినది.

ఆ నంబరు బ్యాంకువారిది కాదు. మోసగాండ్రు పుట నొకటి కల్పించి, దానిని పైకి తెచ్చిరి. నేను మొదట వచ్చినదే నమ్మితిని. ఆనకట్టను గూర్చి తప్పు వ్రాసిన పిల్లలను నేను గద్దింపకుండుటకు కారణ మిదియే. వారు చేసిన తప్పును నేనును చేసితిని. వారికి మార్కులు పోయినవి, నాకు పైకము పోయినది.

తలిదండ్రులకు మనవి చేయుచున్నాను. బ్యాంకు, గ్యాసు, విద్యుత్తు, పార్సెలు మొదలగు వాని సహాయ నంబరులను శోధనయంత్రమున వెదకకుడు. కార్డు వెనుకను, పాసుపుస్తకము మీదను, బిల్లు మీదను ముద్రించిన నంబరునే నమ్ముడు. మన దేశమందలి బ్యాంకులు బ్యాంక్, చుక్క, ఐ-ఎన్ అని ముగియు వెబ్ చిరునామాలకు మాఱవలెనని 2025లో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. చిరునామా చివరిభాగమును చూచుట అలవాటు చేసికొనుడు. ఫోనులో ఏ యాప్‌ను ఎక్కింపుమని అపరిచితుడు చెప్పినను ఎక్కింపకుడు. మోసము జరిగినచో సిగ్గుపడి దాచుకొనక, ఆ క్షణముననే 1930 అను జాతీయ సహాయ నంబరునకు ఫోను చేయుడు. త్వరపడినకొలది పైకమును ఆపు నవకాశ మెక్కువ. నేను సిగ్గుచేత ఒక రాత్రి యాలస్యము చేసితిని.

ఇక విద్యార్థులు ఏ పుటను చూచినను నాలుగు ప్రశ్నలు వేయవలెను.

మొదటిది, దీనిని వ్రాసినవా రెవరు? పేరును, వృత్తియు, చిరునామాయు గలవా? రెండవది, ఎందులకు వ్రాసిరి? తెలుపుటకా, అమ్ముటకా? వరుసలో మొదటనుండు కొన్ని లింకుల మీద "స్పాన్సర్డ్" అని చిన్న అక్షరములతో వ్రాసియుండును. అవి రుసుము పుచ్చుకొని చూపిన ప్రకటనలు. మూడవది, ఎప్పుడు వ్రాసిరి? గత సంవత్సరపు పరీక్షాపట్టిక ఈ సంవత్సరమునకు పనికిరాదు. నాలుగవది, మఱియొకరు ఇదే చెప్పుచున్నారా? ఇచ్చట మెలకువ కావలెను. ఒకరి వాక్యమును పదిమంది కాపీ చేసినచో అది పది సాక్ష్యములు గాదు, ఒక్కటే సాక్ష్యము. మన తరగతి వ్యాసములలో జరిగినది ఇదియే.

2024 నుండి గూగుల్ లో, లింకులకంటె పైన, కృత్రిమ మేధ కూర్చిన సంగ్రహము తఱచుగ కనబడుచున్నది. అది చక్కని వాక్యములతో నుండును. కాని పెక్కు పుటలనుండి కూర్చినది గనుక, ఒక సంగతిని మఱియొక సంగతితో కలిపివేయుటయు గలదు. దాని ప్రక్కనున్న మూలపుటల లింకులను తెఱచి చూడకుండ నోటుపుస్తకములో నెక్కింపకుడు. వ్యాధులను గూర్చి చదివినది వైద్యుని అడుగుటకు ప్రశ్నలు సిద్ధము చేసికొనుటకే గాని, మందు కొనుటకు గాదు.

బొమ్మలకును ఇదే నియమము. ఫోనులలో తిరుగు ఛాయాచిత్రము ఎప్పటిదో, ఎక్కడిదో తెలియనపుడు, దానినే గూగుల్ లెన్స్ లో పెట్టి వెదకవచ్చును. నిన్నటి వరద యని పంపిన చిత్రము పది సంవత్సరముల నాటి వేఱు దేశపు చిత్రమని తెలియుట కద్దు.

యంత్రమున దొరకనిది

వ్యాసములలో ఒక్కటి మిగిలినవానివలె లేదు. ఆ బాలిక మొదట ఫోనును ముట్టలేదట. తన నాయనమ్మ నడిగినది. చిన్నతనమున తాము కాలువలో పడవమీద ప్రయాణము చేసితిమనియు, లాకుల యొద్ద తలుపులు మూసి, నీరు నింపి, పడవను పై మట్టమునకు ఎత్తుచుండగా పిల్లలందఱు చప్పట్లు కొట్టెడివారమనియు ఆ వృద్ధురాలు చెప్పినది. కాలువలు పొలములకు నీరిచ్చుటకే గాక ప్రయాణమునకును ఉద్దేశింపబడినవని అప్పుడు ఆ బాలికకు తెలిసినది. "లాకులు" అను మాట ఆమెకు నాయనమ్మ యిచ్చినది. ఆ మాటతో అంతర్జాలమున వెదకగా, గోదావరి డెల్టా కాలువలలోని పడవ రాకపోకలను గూర్చిన పుటలు దొరకినవి. అచ్చటినుండి, జార్జి వాల్చ్ అను ఇంజనీరు 1896లో ప్రచురించిన గోదావరి డెల్టా కట్టడముల చరిత్ర వఱకు ఆమె పోగలిగినది. ఆ పుస్తకములో నాలుగు పుటలే అర్థమైనవని ఆమె వ్యాసము చివర వ్రాసికొన్నది. ఆ నాలుగు పుటలనుండి వ్రాసిన పంక్తులలో మాత్రము ఒక్క తప్పు లేదు.

మంచి మాటలు మంచి పుటలను తెచ్చును. మంచి మాటలు పెద్దలయొద్దను, పుస్తకములలోను, పొలములోను దొరకును. ధవళేశ్వరమున కాటన్ మ్యూజియము గలదు. సెలవులలో తప్పక పోయి చూచి, అచ్చటి పలకలమీది పేర్లను నోటుపుస్తకములో వ్రాసికొనుడు. ఇంటికి వచ్చి వానితో వెదకుడు. చీరలు వచ్చిన కుఱ్ఱవానికి ఆ పని యిదివఱకే అప్పగించితిని. అతని వ్యాసము కొఱకు ఎదురుచూచుచున్నాను.

అభ్యాసములు

1. మీ ఊరి పేరును ఎన్ని విధములుగ వ్రాయుదురో పెద్దల నడిగి, తెలుగులోను ఇంగ్లీషులోను పట్టిక వ్రాయుడు. ప్రతి రూపముతోను వెదకి, వచ్చిన మొదటి మూడు పుటలు ఎట్లు వేఱుగ నున్నవో తెలుపుడు.

2. "ఆర్థర్ కాటన్" అని కొమ్ములతోను, కొమ్ములు లేకుండను వెదకుడు. భేదమును రెండు వాక్యములలో వ్రాయుడు.

3. ప్రభుత్వ స్థలములలో మాత్రమే వెదకి, మీకు తగిన ఒక విద్యార్థి వేతనమును, దాని దరఖాస్తు గడువును కనుగొనుడు. పుటయొక్క తేదీని తప్పక వ్రాయుడు.

4. ఒకే వాక్యము మూడు పుటలలో కనబడినచో, వానిలో మొదట వ్రాసినది ఏదియో తెలిసికొనుట కేమి చేయుదురు?

5. మీ యింటి బ్యాంకు, గ్యాసు, విద్యుత్తు సహాయ నంబరులను కార్డులు, బిల్లులు చూచి ఒక కాగితముపై వ్రాసి, అడుగున 1930 అను నంబరును చేర్చి, ఇంటిలో అందఱికి కనబడుచోట అంటింపుడు. ఈ అభ్యాసమునకు మార్కులు లేవు. అయినను దీనిని మొదట చేయుడు.